క్రెడిట్ కార్డుతో వచ్చే రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌ను నమ్ముకుని పాలసీలోది తీసేయవచ్చా?

రాజోలు దగ్గరి ఊళ్లో నాన్నగారు నడిపే, ఆయన పేరునే ఉన్న కారుకు వచ్చే నెలలో ఇన్సూరెన్సు రెన్యువల్ ఉందనీ, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న తనకు బ్యాంకు కొత్తగా ఇచ్చిన క్రెడిట్ కార్డులో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ (దారిలో కారు ఆగిపోతే సహాయం పంపే సేవ) ఉచితమని రాసి ఉందనీ, కాబట్టి పాలసీలో అదే పేరుతో ఉన్న యాడ్-ఆన్‌ను (అదనంగా డబ్బు కట్టి చేర్చుకునే సౌకర్యాన్ని) ఈసారి తీసేయవచ్చా అనీ ఒక మిత్రులు అడిగారు. తీసేయవద్దండి. కార్డు మంచిదే కావచ్చు, అందులో రాసింది నిజమే కావచ్చు, అయినా మీ నాన్నగారి కారుకు, ఆయన తిరిగే దారులకు అది పాలసీ యాడ్-ఆన్ స్థానంలో నిలబడదు. ఇదే అనుమానం మన గోదావరి జిల్లాల్లో చాలామందికి ఉన్నది కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను.

నేను అమలాపురంలో పంతొమ్మిదేళ్లుగా కార్ల వర్క్‌షాప్ నడుపుతున్నాను. అందులో పదకొండేళ్లు రికవరీ బండి కూడా తిప్పాను. ఆ కాలంలో ఇన్సూరెన్సు కంపెనీల తరఫున, కార్ల తయారీ కంపెనీల తరఫున, బ్యాంకు కార్డుల తరఫున వచ్చిన కాల్స్ అన్నీ అందుకున్నాను. మీరు ఫోను చేసే వైపు ఉంటారు, నేను ఆ ఫోను అందుకుని బండి తీసుకుని బయలుదేరే వైపు ఉన్నాను. రెండు చివరల మధ్య ఏం జరుగుతుందో బ్యాంకు పంపే కరపత్రంలో ఉండదు.

ముందుగా ఇది ఎలా నడుస్తుందో చెబుతాను. ఏ బ్యాంకుకూ సొంతంగా టోయింగ్ బండ్లు, అంటే ఆగిన కారును లాక్కుపోయే బండ్లు, ఉండవు. బ్యాంకు, లేదా కార్డు మీద గుర్తు ఉండే వీసా, మాస్టర్‌కార్డ్, రూపే వంటి నెట్‌వర్క్ సంస్థ, ఒక అసిస్టెన్స్ కంపెనీతో ఒప్పందం చేసుకుంటుంది. ఆ కంపెనీకి ఎక్కడో ఒక మహానగరంలో కాల్ సెంటర్ ఉంటుంది. కాల్ సెంటర్ వారు తమ జాబితాలో మీకు దగ్గరగా కనిపించే మా వంటి స్థానిక వెండర్‌కు ఫోను చేసి, ఒప్పుకున్న రేటుకు బండి పంపమంటారు. ఈ గొలుసులో మొదటి లంకె ఎంత పెద్ద బ్యాంకు అయినా, కారు దగ్గరకు వచ్చేది చివరి లంకె మాత్రమే. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు మీద ఆ చివరి లంకెకు పది మంది పోటీ పడతారు. సఖినేటిపల్లిలోనో ఐ.పోలవరంలోనో రాత్రి తొమ్మిది దాటాక ఒక్కరు దొరకడమే కష్టం. కార్డును చూసేటప్పుడు బ్యాంకు పేరు కంటే ఈ సంగతి ముందుగా తలుచుకోవాలి.

రెండో సంగతి డబ్బు ఎవరు పెట్టుకుంటారన్నది. కార్డుల్లో ఒకే మాట కింద రెండు వేర్వేరు ప్రయోజనాలు ఉంటాయి. ఒకటి, బండిని పంపి దాని ఖర్చు కూడా ఒక హద్దు వరకు వాళ్లే భరించడం. రెండోది, బండిని వెతికి పెట్టడం మాత్రమే ఉచితమై, వచ్చిన బండికి మీరు డబ్బు చెల్లించడం. అమెరికాలో ఉన్న పిల్లలు తమ కార్డుల గురించి చెప్పేటప్పుడు కూడా ఈ తేడా అక్కడా ఉన్నదని గమనించండి. అక్కడ వీసా వారి రోడ్‌సైడ్ డిస్పాచ్ అనే సేవలో ప్రతి పిలుపుకూ ఒక స్థిర రుసుము తీసుకుని 5 మైళ్ల వరకు టోయింగ్, టైరు మార్చడం, బ్యాటరీకి జంప్ ఇవ్వడం (వేరే బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేయడం) వంటివి చేస్తారు. ఎక్కువ వార్షిక రుసుము ఉండే కొన్ని కార్డులు మాత్రం ప్రతి సంఘటనకూ ఇన్ని డాలర్ల వరకు అని తామే భరిస్తాయి. మన దేశపు కార్డుల్లో ఇది ఇంకా అస్పష్టంగా ఉంటుంది. కరపత్రంలో ‘24 గంటల రోడ్‌సైడ్ అసిస్టెన్స్’ అని పెద్ద అక్షరాలతో వేసి, నిబంధనల పత్రంలో మాత్రం ‘సేవా ప్రదాతను అనుసంధానం చేయడం’ అనే ధోరణిలో ఒక వాక్యం రాస్తారు. ఆ వాక్యం కనిపిస్తే అది రెండో రకమని అర్థం చేసుకోవాలి.

దీన్ని నేను కళ్లారా చూసిన రాత్రి ఒకటి ఉంది. కార్తీక మాసంలో ఒక ఆదివారం, అంతర్వేదిలో దర్శనం చేసుకుని తిరిగి వస్తున్న హైదరాబాదు కుటుంబం కారు సఖినేటిపల్లి దగ్గర టీ కొట్టు ముందు ఆగి, మళ్లీ స్టార్ట్ కాలేదు. ఇద్దరు చిన్న పిల్లలు, ఒక పెద్దావిడ ఉన్నారు. ఆయన తన కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోను చేశారు. కాల్ సెంటర్ వారు లొకేషన్ తీసుకుని, మీకు అతి దగ్గరలోనే మా వెండర్ ఉన్నారని చెప్పి ఆయనకు ధైర్యం ఇచ్చారు. ఆ వెండర్ ఉన్నది నరసాపురంలో. మ్యాపులో చూస్తే ఎదురుగానే ఉంటుంది, వశిష్ఠ గోదావరికి ఇవతలి రేవులో నిలబడితే అవతలి దీపాలు కనిపిస్తాయి. కానీ ఆ వేళకు పంటు (మనుషులను, బండ్లను ఏరు దాటించే పడవ) ఆగిపోయింది. నరసాపురం నుంచి బండి రావాలంటే పాలకొల్లు వైపు ఎక్కి, చించినాడ వంతెన మీదుగా దిండి చేరి, శివకోడు, రాజోలు, మలికిపురం చుట్టి రావాలి. ఒప్పుకున్న రేటుకు అంత దూరం రాలేనని ఆ వెండర్ చెప్పాడు. అతని తప్పేమీ లేదు, నేనైనా అదే చెప్పేవాడిని. గంటన్నర తర్వాత కాల్ సెంటర్ వారు, మీరే బయట ఎవరినైనా చూసుకోండి, బిల్లు పంపితే పరిశీలిస్తాం అన్నారు.

టీ కొట్టు అతను నా నంబరు ఇచ్చాడు. నేను వెళ్లేసరికి పదకొండున్నర అయింది. బానెట్ ఎత్తి టార్చి వేస్తే, బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్ మీద ఉప్పు పూసినట్లు తెల్లగా, అంచుల్లో పచ్చగా పేరుకుపోయి ఉంది. క్లాంపు చేత్తో తిప్పితే తిరుగుతోంది. కొట్టులో వేడినీళ్లు అడిగి, ఆ పూత మీద పోసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఎమరీ కాగితంతో మెరుగు పెట్టి, పది నంబరు స్పానర్‌తో నట్టు బిగించాను. మొదటి తాళానికే ఇంజిను అందుకుంది. పని పట్టింది పన్నెండు నిమిషాలు, వాళ్లు రోడ్డు మీద గడిపింది దాదాపు మూడు గంటలు. నాకు ఇచ్చిన డబ్బుకు రసీదు తీసుకుని ఆయన బ్యాంకుకు పంపారు. నెల తర్వాత నాకు ఫోను చేసి, తమ కార్డులో ఉన్నది ఏర్పాటు చేసే సేవ మాత్రమేననీ, ఖర్చు తిరిగి ఇవ్వరనీ జవాబు వచ్చిందని చెప్పారు. నిబంధనల పత్రంలో నిజంగానే అలాగే రాసి ఉందట.

ఇక మీ విషయంలో అన్నిటికంటే ముఖ్యమైన అంశానికి వస్తాను. పాలసీలో ఉండే యాడ్-ఆన్ బండికి చెందుతుంది. ఆ రిజిస్ట్రేషన్ నంబరు గల కారును లైసెన్సు ఉన్న ఎవరు నడుపుతున్నా, దారిలో ఆగితే సహాయం అడిగే హక్కు ఉంటుంది. కార్డు ప్రయోజనం కార్డుదారుకు చెందుతుంది. కొన్ని కార్డుల్లో కార్డుదారు ఆ సమయంలో కారులో ఉండాలి, కొన్నింటిలో కారు ఆయన పేరునే రిజిస్టరై ఉండాలి, కొన్నింటిలో బండి నంబరును ముందుగానే నమోదు చేసుకుని ఉండాలి. మీరు హైదరాబాదులో ఉంటారు, కార్డు మీ పేరున ఉంది, కారు నాన్నగారి పేరున ఉందని మీరే రాశారు. ఆయన ఒక్కరే కాకినాడ ఆసుపత్రికి వెళ్తుండగా యెదుర్లంక వంతెన దాటాక కారు ఆగిపోతే, మీ కార్డు నంబరుకు ఆయన ఫోను చేసినా, మీరు చేసినా, ఎదుటివారు అడిగే మొదటి ప్రశ్నకే ఆ ప్రయోజనం మీకు దక్కకుండా పోయే అవకాశం ఎక్కువ. ఈ ఒక్క కారణం చాలు యాడ్-ఆన్‌ను ఉంచుకోవడానికి.

యాడ్-ఆన్‌కు అయ్యేది కూడా సాధారణంగా కొన్ని వందల రూపాయలే. దాన్ని వాడుకున్నందుకు మీ నో క్లెయిం బోనస్ (క్లెయిం చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) తగ్గదు. పంక్చరు వేయించుకోవడాన్నీ, జంప్ ఇప్పించుకోవడాన్నీ ఓన్ డ్యామేజ్ క్లెయింగా, అంటే మీ కారుకు జరిగిన నష్టానికి అడిగే పరిహారంగా, లెక్కించరు. ఇది సాధారణంగా మీ కారు నష్టాన్ని కూడా భరించే కాంప్రహెన్సివ్ వంటి పాలసీతోనే వస్తుంది, ఎదుటివారి నష్టాన్ని మాత్రమే భరించే థర్డ్ పార్టీ పాలసీ ఉన్నవారికి మామూలుగా దొరకదు. కారు కొత్తదైతే తయారీ కంపెనీ ఇచ్చిన సహాయం ఇంకా అమలులో ఉన్నదేమో కూడా కొన్నప్పటి కాగితాల్లో చూడండి. షోరూమ్ వెండర్లు ఈ ప్రాంతంలో ఉన్నంతలో కాస్త త్వరగా స్పందిస్తారని నా అనుభవం. ఆ గడువు ఇంకా ఉంటే యాడ్-ఆన్ అవసరం గురించి మళ్లీ ఆలోచించవచ్చు, కానీ అప్పుడు కూడా దాని స్థానంలో నిలిచేది తయారీ కంపెనీ సేవే.

కిలోమీటర్ల లెక్క దగ్గర చాలామంది మోసపోయామని బాధపడతారు. మోసం కాదు, చదవకపోవడం. ఉచిత టోయింగ్‌కు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దును కారు ఆగిన చోటు నుంచి వర్క్‌షాప్ వరకు కొలుస్తారా, లేక టోయింగ్ బండి తన షెడ్డు నుంచి బయలుదేరి తిరిగి షెడ్డుకు చేరేదాకా పోను రాను కొలుస్తారా అన్నది పత్రంలో వెతకాలి. ఉదాహరణకు ఉచితం 25 కిలోమీటర్లు అనుకుందాం. అమలాపురంలో ఆగిన కారును రాజమహేంద్రవరంలోని ఆథరైజ్డ్ వర్క్‌షాప్‌కు చేర్చాలంటే సుమారు 65 కిలోమీటర్లు. ఒక వైపు లెక్కయితే మీరు 40 కిలోమీటర్లకు డబ్బు కట్టాలి. టోయింగ్ బండి రాజమహేంద్రవరం నుంచే వచ్చి పోను రాను లెక్కయితే మొత్తం 130, అందులో 25 పోగా 105 కిలోమీటర్లకు కట్టాలి. ఒకే కార్డు, ఒకే దూరం, బిల్లు మాత్రం రెండున్నర రెట్లకు పైగా అవుతుంది. పైగా మన డెల్టాలో దూరాన్ని ఏరు నిర్ణయిస్తుంది. కోటిపల్లి రేవులో నిలబడి చూస్తే ముక్తేశ్వరం కళ్లముందే ఉంటుంది, కానీ పంటు లేని వేళ కారు ఆ ఒడ్డు చేరాలంటే ఇటు యానాం, యెదుర్లంక వంతెన మీదుగానో, అటు జొన్నాడ, రావులపాలెం మీదుగానో చుట్టి రావాలి. కాల్ సెంటర్ కంప్యూటరు ఆకాశమార్గాన కొలిచి ‘దగ్గర’ అని చూపించే వెండర్‌ను మీరు నమ్మకుండా, ఆ బండి ఏ వంతెన మీదుగా వస్తుందో అడగండి. అడగడానికి మొహమాటపడవద్దు.

మన ప్రాంతంలో ఇంకొక ప్రమాదం ఉంది, దాని గురించి అందరికీ తెలియాలన్నది నా తపన. మన రోడ్లలో సగం కాలువ గట్ల మీదే ఉన్నాయి. ధాన్యం ఆరబోసిన రోజుల్లో సగం రోడ్డే మిగులుతుంది, భీమవరం, ఆకివీడు వైపు చేపల లారీల నుంచి కారిన నీళ్లకు రోడ్డు జారుతుంది, శీతాకాలం తెల్లవారుజామున మంచుకు గట్టు అంచు కనిపించదు. చక్రం గట్టు దిగిన కారును గానీ కాలువలో పడిన కారును గానీ పైకి తీయడాన్ని మేము రికవరీ అంటాం. రోడ్డు మీద నిలబడి ఉన్న కారును లాక్కుపోవడం టోయింగ్. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఒప్పందాల్లో సాధారణంగా రెండోదే ఉంటుంది. క్రేను పెట్టి ఎత్తడం, విడదీయడం, కట్టడం వంటివి కస్టమర్ ఖర్చే అని రాసి ఉంటుంది. కాలువలో పడిన కారు దగ్గర నిలబడి కార్డు నంబరుకు ఫోను చేస్తూ సమయం పోగొట్టుకున్నవారిని నేను చూశాను. అక్కడ మొదట చేయవలసింది 112కు ఫోను, గాయాలుంటే 108కి. మనుషులు క్షేమంగా బయటపడ్డాకే కారు సంగతి. అప్పుడు కూడా అది యాక్సిడెంటు కనుక మీరు పిలవవలసింది ఇన్సూరెన్సు కంపెనీని, అసిస్టెన్స్ నంబరును కాదు. కాంప్రహెన్సివ్ పాలసీలో యాడ్-ఆన్ ఏమీ లేకపోయినా, యాక్సిడెంటైన ప్రైవేటు కారును దగ్గరి వర్క్‌షాప్‌కు చేర్చే ఖర్చుకు 1,500 రూపాయల వరకు ఇచ్చే నిబంధన ప్రామాణిక పాలసీ మాటల్లోనే ఉంది. క్రేను ఖర్చుకు అది చాలదు, కానీ ఉన్నదని తెలియక దాన్ని కూడా అడగనివారే ఎక్కువ. కారు కదిలించే ముందు ఫోటోలు తీసి కంపెనీకి సమాచారం ఇవ్వడం మరువకండి.

వరద సంగతి కూడా ఇందులో భాగమే. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. మొదటి రెండు హెచ్చరికల మధ్యనే మన లంక గ్రామాల కాజ్‌వేలు (ఏటి పాయల మీద తక్కువ ఎత్తులో వేసిన దారులు) నీళ్లలోకి వెళ్తాయి. 2022 జులైలో బ్యారేజీ దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు పి.గన్నవరం, మామిడికుదురు వైపు రోడ్ల మీద ఆగిపోయిన కార్లు వరద తీశాక వరుసగా మా షెడ్డుకు వచ్చాయి. వాటిలో ఎక్కువ కార్లు నీళ్లలో ఆగినందువల్ల పాడవలేదు, ఆగాక మళ్లీ స్టార్ట్ చేయబోయినందువల్ల పాడయ్యాయి. సిలిండరులోకి గాలితోపాటు నీళ్లు వెళ్లినప్పుడు పిస్టన్ వాటిని నొక్కజాలదు, నీళ్లు అణగవు, ఆ బలానికి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. అంతటితో ఇంజిను మొత్తం విప్పాలి. ఆ నష్టానికి కార్డు ప్రయోజనం ఎంతమాత్రం వర్తించదు, రోడ్‌సైడ్ యాడ్-ఆన్ కూడా వర్తించదు. దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అనే వేరే యాడ్-ఆన్ ఉంటుంది. గోదావరికి ఇవతల, అవతల ఎక్కడ ఉన్నా లంకలకు రాకపోకలున్నవారు ఏదైనా యాడ్-ఆన్ తగ్గించుకోవలసి వస్తే దీన్ని మాత్రం తగ్గించుకోకూడదని నా గట్టి అభిప్రాయం. నీళ్లలో కారు ఆగితే తాళం ముట్టుకోకుండా న్యూట్రల్‌లో పెట్టి మనుషులతో తోయించండి, తర్వాత షెడ్డుకు టో చేయించండి.

కాల్ సెంటర్‌తో మాట్లాడేటప్పుడు ఊరి పేరు చెప్పడంలో వచ్చే చిక్కు బయటివారికి చిన్నదిగా కనిపిస్తుంది, కానీ దానివల్ల గంటలు పోతాయి. పి.గన్నవరం అని చెబితే విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరం అని రాసుకుని అక్కడి వెండర్‌కు పని అప్పగించిన కేసు నాకు తెలుసు. రామచంద్రపురాలు, కొత్తపేటలు రాష్ట్రంలో ఎన్ని ఉన్నాయో చెప్పనక్కరలేదు. యానాంది ఇంకొక రకం ఇబ్బంది. పెట్రోలు కొంత చవక అని మనలో చాలామంది అక్కడ పోయించుకుంటారు. ఒకసారి అక్కడి బంకు దాటగానే ఆగిన కారుకు, యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం కనుక కంప్యూటరులో రాష్ట్రం పుదుచ్చేరి అని పడింది. తమిళనాడు తీరాన ఉన్న పుదుచ్చేరి పట్టణంలోని వెండర్‌కు మెసేజ్ వెళ్లింది. ఆ కారు యజమాని నాకు పాత కస్టమరు కావడంతో నేరుగా నాకు ఫోను చేసి బయటపడ్డారు. అందుచేత ఊరి పేరు ఒక్కటే చెప్పకండి. జిల్లా, మండలం, పిన్ కోడ్ చెప్పండి, వాట్సాప్‌లో లొకేషన్ పంపండి, హైవే అయితే పక్కనున్న కిలోమీటరు రాయి చూసి చెప్పండి. తెలుగులో మాట్లాడే ఉద్యోగిని ఇవ్వమని మొదటి నిమిషంలోనే అడగండి. పెద్దవారు హిందీలో, ఇంగ్లీషులో తడబడి తప్పు సమాచారం ఇవ్వడం కంటే ఐదు నిమిషాలు లైనులో ఆగడం మేలు.

జాతీయ రహదారి మీద ఆగితే 1033 అనే నంబరు ఉంది. అది నేషనల్ హైవేస్ అథారిటీ వారిది, ఏ కార్డూ ఏ పాలసీ అక్కరలేదు. గస్తీ వాహనం, అంబులెన్సు, క్రేను వస్తాయి. అయితే ఆ క్రేను పని రోడ్డును ఖాళీ చేసి కారును క్షేమమైన చోట ఆపడం వరకే, మీరు కోరిన షెడ్డుకు చేర్చడం కాదు. రావులపాలెం, తణుకు మీదుగా పోయే పాత హైవే మీద గానీ, కొవ్వూరు, దేవరపల్లి మీదుగా పోయే కొత్త రోడ్డు మీద గానీ రాత్రిపూట లారీల మధ్య ఆగిపోయినప్పుడు ముందు 1033కు చేసి, కారు పక్కకు చేరాక యాడ్-ఆన్ నంబరుకు చేయడం సరైన వరస.

ఇంత చెప్పాక, కార్డు ప్రయోజనం వ్యర్థమని నా ఉద్దేశం కాదు. మీరు హైదరాబాదు నుంచి మీ సొంత కారులో సంక్రాంతికి వచ్చే దారిలో, కార్డు మీ పేరునే ఉన్నందువల్ల, అది నిజంగా అక్కరకు రావచ్చు. ఉన్న కార్డును ఉంచుకోండి. కానీ ఈ ఒక్క ప్రయోజనం కోసం కొత్త కార్డు తీసుకోవడం దండగ. ఉదాహరణకు 999 రూపాయల వార్షిక రుసుము అంటే 18 శాతం జీఎస్టీ కలిపి 1,179 రూపాయలు దాకా అవుతుంది, అంతకంటే తక్కువకే రెండేళ్ల యాడ్-ఆన్ వచ్చే అవకాశం ఉంది. ఏదైనా నెల బిల్లు పూర్తిగా కట్టలేకపోతే పడే వడ్డీ నెలకు మూడున్నర శాతం అనుకున్నా ఏడాదికి 42 శాతం. పైగా పాలసీలో రాసింది ఆ ఏడాదికి ఒప్పందం, కార్డు ప్రయోజనాలను మాత్రం బ్యాంకు మధ్యలో మార్చవచ్చు. విమానాశ్రయ లాంజి ప్రయోజనాన్ని చాలా కార్డులు మూడు నెలల ఖర్చుకు ముడిపెట్టిన తీరు మీరు చూసే ఉంటారు, దీనికీ అటువంటి షరతు ఉన్నదేమో చూడండి.

మీ కార్డు సంగతి తేల్చుకోవడానికి కస్టమర్ కేర్‌కు ఫోను కాకుండా ఈమెయిల్ పంపండి. టోయింగ్ ఖర్చు ఎవరు భరిస్తారు, ఎన్ని కిలోమీటర్ల వరకు, ఆ కిలోమీటర్లు ఎక్కడ నుంచి ఎక్కడికి కొలుస్తారు, కార్డుదారు కారులో లేకపోతే వర్తిస్తుందా, రాజోలు పిన్ కోడ్ మీ సేవా పరిధిలో ఉందా అని సూటిగా అడగండి. ఫోనులో ఇచ్చిన హామీ తర్వాత చూపించడానికి పనికిరాదు, రాతలో ఇచ్చిన జవాబు పనికొస్తుంది. రాతలో ఖర్చు భరిస్తామని చెప్పి తీరా సమయానికి కాదంటే, బ్యాంకుకు ఫిర్యాదు చేసి 30 రోజులు చూసి, సరైన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. వివరాలకు 14448కి ఫోను చేయవచ్చు. ఇన్సూరెన్సు కంపెనీకి కూడా రెన్యువల్‌కు ముందే ఇవే ప్రశ్నలు పంపండి. యాడ్-ఆన్ ఉన్నంత మాత్రాన సఖినేటిపల్లికి బండి వస్తుందని హామీ లేదు, ఆ వెండర్ల కొరత వారికీ ఉంది.

అందువల్ల నాన్నగారి కోసం మీరు వచ్చే సెలవులో చేయవలసిన పని ఒకటి మిగులుతుంది. ఒక మందపాటి కాగితం మీద కారు నంబరు, పాలసీ నంబరు, యాడ్-ఆన్ వారి ఫోను నంబరు, 1033, 112, మీ నంబరు, రాజోలులో ఒకటి, అమలాపురంలో ఒకటి, ముమ్మిడివరం దగ్గర ఒకటి చొప్పున ఆయన రోజూ వెళ్లే దారిలోని మెకానిక్ షెడ్ల నంబర్లు పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి డాష్‌బోర్డు అరలో పెట్టండి. సెల్‌ఫోనులో ఛార్జింగ్ అయిపోయినా ఆ కాగితం ఉంటుంది. కారు ఆటోమేటిక్ అయినా ఎలక్ట్రిక్ అయినా, చక్రాలు నేలకు తగలకుండా మొత్తంగా ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ బండే కావాలని ఆ కాగితం మీదే రాయండి, తాడు కట్టి లాగితే గేరుబాక్సుకో మోటారుకో దెబ్బ తగులుతుంది. తర్వాత డిక్కీ తెరిచి స్టెప్నీలో గాలి ఉందో లేదో చూడండి. మా షెడ్డుకు వచ్చే కార్లలో స్టెప్నీ బాగున్నవి తక్కువ, దానికి గాలి పెట్టించే అలవాటు ఎవరికీ లేదు. స్టెప్నీ చదునుగా ఉంటే, టైరు మార్చడానికి వచ్చిన ఉచిత మెకానిక్ కూడా చేయగలిగిందేమీ ఉండదు. జాకీ, వీల్ స్పానర్ ఉన్నాయో లేవో చూసి, చక్రం బోల్టులను ఒకసారి వదులు చేసి మళ్లీ బిగించండి. ఉప్పుగాలికి పట్టేసిన బోల్టు రాత్రిపూట పెద్దాయన చేతులకు లొంగదు. బ్యాటరీ టెర్మినల్స్ మీద తెల్లపూత కనిపిస్తే వేడినీళ్లతో కడిగి, ఆరాక కాస్త పెట్రోలియం జెల్లీ రాయండి.